సర్వే మాత్రమే!

“కంగారు పడకండి, ఇది సర్వే మాత్రమే.” ఏజెన్సీలో ఈ మాట వినని ఊరు తక్కువ. జీపు దిగిన అధికారి అంటాడు. ఆయన వెంట వచ్చిన రెవెన్యూ ఉద్యోగి అంటాడు. మన ఓట్లతో గెలిచిన నాయకుడు సంతలో మైకు పట్టుకుని మరీ అంటాడు. తవ్వకం కాదు, లీజు కాదు, ఎవరి పోడూ పోదు, ఎవరి ఇల్లూ కదలదు, యంత్రం పెట్టి నాలుగు అంకెలు రాసుకుని వెళ్లిపోతాం అంటారు. మనమూ అంతేలే అనుకుంటాం. లీజు వచ్చినప్పుడు చూద్దాం, బుల్డోజరు వచ్చినప్పుడు అడ్డం పడుకుందాం అనుకుంటాం. మన ఉద్యమాలు చాలావరకు బుల్డోజరు దగ్గరే మొదలయ్యాయి. అప్పటికే చాలా ఆలస్యమైపోతోందని నా వాదన. కొండను కొలిచిన రోజే దాని మీద సగం తీర్పు రాసేస్తారు. ఆ కొలతకు పెట్టే డబ్బు ప్రజలది, అంటే మనది కూడా. కానీ ఏం కొలవాలో చెప్పే నోరు మనకు లేదు. మనకు కావలసిన కొలత ఒకటుంది, దాని కోసం జీపు రాదు.

ముందు ఆ యంత్రాల సంగతి. నేలను తవ్వకుండా లోపల ఏముందో తెలుసుకునే చదువును భూభౌతిక శాస్త్రం అంటారు. కడుపు కోయకుండా డాక్టరు స్కానింగు తీసినట్టు. రాయికి బరువుంటుంది, కొంత అయస్కాంత గుణం ఉంటుంది, కరెంటును కొంత పోనిచ్చి కొంత ఆపుతుంది, కొన్ని రాళ్ల నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తాయి. ఒక్కో గుణాన్ని పట్టుకోవడానికి ఒక్కో పరికరం. గ్రావిమీటరులో సన్నని స్ప్రింగుకు చిన్న బరువు వేలాడుతుంది. అడుగున బరువైన రాయి ఉంటే ఆ స్ప్రింగు వెంట్రుకవాసి ఎక్కువ సాగుతుంది. మాగ్నెటోమీటరు భూమి అయస్కాంత శక్తిలో ఎక్కడెక్కడ తేడా ఉందో చెబుతుంది. గామా స్పెక్ట్రోమీటరు పొటాషియం, యురేనియం, థోరియంల నుంచి వచ్చే కిరణాలను విడివిడిగా లెక్కపెడుతుంది. అది చూసేది మహా అయితే మూరెడు లోతు. వీటిని విమానానికో హెలికాప్టరుకో అమర్చి, దుక్కిలో చాళ్లు తీసినట్టు వరస వెంట వరస ఎగరేస్తే కాలు నేల మీద పెట్టకుండా ఒక మండలాన్ని కొన్ని రోజుల్లో కొలిచేయవచ్చు. మనం తలెత్తి చూసి, ఎవరో మంత్రిగారు పోతున్నారనుకుంటాం.

ఈ చదువులో మన పేర్లు ముందునుంచే ఉన్నాయి. అరకు, పాడేరు కొండల్లో తుప్పురంగుగా కనబడే రాయిని పుస్తకాల్లో ఖోండలైట్ అంటారు. 1902లో వాకర్ అనే ప్రభుత్వ భూవిజ్ఞాని ఒడిశాలోని కలహండి రాళ్లను పరిశీలించి, అక్కడి ఖోండు ఆదివాసుల పేరు దానికి పెట్టాడు. దక్షిణార్ధ గోళంలోని ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పే మహాఖండానికి గోండ్వానా అని పేరు. గోదావరి లోయలోని బొగ్గు పొరలు కూడా గోండ్వానా పొరలే. అది గోండుల పేరు. లండన్‌లో చదివినా, సిడ్నీలో చదివినా ఆ విద్యార్థి నోట మన జాతుల పేర్లు పలుకుతాయి. రాయికి మన పేరు పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. రాయి మీద హక్కు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

జిఎస్ఐ అని పిలిచే భారత భూగర్భ సర్వే సంస్థ 1851లో పుట్టింది. తెల్లదొరలకు రైళ్లకూ ఆవిరి ఓడలకూ బొగ్గు కావాలి, దాన్ని వెదకడానికి పెట్టుకున్న సంస్థ అది. దాని తరఫున వచ్చిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. అప్పుడూ అది సర్వే మాత్రమే. 1886లో కంపెనీ ఏర్పడింది, 1889లో తవ్వకం మొదలైంది. కోయల అడవి మధ్య గని ఊరు లేచింది. సర్వేకూ గనికీ మధ్య పద్దెనిమిదేళ్లు. అంటే సర్వే చూసి ఊరుకున్న తండ్రి కాలంలో ఏమీ జరగలేదు, కొడుకు కాలంలో జరిగింది. ఈ ఆలస్యమే మనల్ని మోసం చేస్తుంది. యంత్రం వచ్చి వెళ్లి పదేళ్లయినా ఏమీ కాలేదంటే అది పోయిందని కాదు. ఎక్కడో అలమరాలో ఉంది.

బాక్సైటు కథ చూడండి. ఖోండలైట్ కొండల నెత్తిన ఎర్రటి గట్టి పొర ఒకటి ఉంటుంది, దాన్ని వెదకడానికి విమానం కూడా అక్కర్లేదు. ఎంత మందం, ఎంత శాతం అల్యూమినియం అనేది గుంటలు తీసి, బోర్లు వేసి లెక్క తేల్చారు. తూర్పు కనుమల బాక్సైటు లెక్కలు 1970ల నాటికే ప్రభుత్వ కాగితాలకెక్కాయి. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వడం చెల్లదంది. 1/70 చట్టం ముందు ప్రభుత్వం కూడా ఒక గిరిజనేతర వ్యక్తేనంది. బ్రహ్మాండమైన తీర్పు. అయినా కొత్త దారి వెతికారు. ప్రభుత్వ సంస్థ తవ్వుతుంది, ప్రైవేటు ఫ్యాక్టరీకి అమ్ముతుంది అన్నారు. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది. చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు గనులకు ఇమ్మని దాని సారాంశం. ఏజెన్సీ భగ్గుమంది. 2019లో దాన్ని రద్దు చేశారు. మనం గెలిచాం, స్వీట్లు పంచుకున్నాం. పంచుకోవలసిందే, వద్దనను. కానీ జీవో రద్దయింది గానీ పటం రద్దు కాలేదు. ఏ కొండ మీద ఎన్ని టన్నులో రాసిన అంకె ఎవరూ కొట్టేయలేదు. ప్రభుత్వం మారినా, మంత్రి మారినా, కంపెనీ పేరు మారినా ఆ అంకె అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు మొదట అడిగేది దాన్నే.

ఇప్పుడు చట్టంలో ఏముందో చూద్దాం. ఉపాధ్యాయ మిత్రులు ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదివి, ఊళ్లో చెప్పాలని నా మనవి. 1996 నాటి పెసా చట్టంలో సెక్షన్ 4(కె) ఉంది. ప్రాస్పెక్టింగ్ లైసెన్సు గానీ, గని లీజు గానీ ఇచ్చే ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి అంటుంది. చదవగానే గుండె నిండుతుంది. కానీ ఆ వాక్యంలో రెండు చిన్న మాటలున్నాయి: చిన్నతరహా ఖనిజాలు. అంటే ఇసుక, కంకర, గ్రావెల్ లాంటివి. బొగ్గు, ఇనుము, యురేనియం అందులో లేవు. ఇసుక తట్టకు మన సిఫారసు కావాలి, కొండకు అక్కర్లేదు! ఇక గనుల చట్టం. లైసెన్సు లేకుండా ఎవరూ ఖనిజాన్వేషణ చేయకూడదని 1957 చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. వెంటనే ఒక మినహాయింపు పెడుతుంది. జిఎస్ఐ, అణు ఖనిజాల సంస్థ, రాష్ట్ర గనుల శాఖ లాంటి ప్రభుత్వ సంస్థలకు ఆ లైసెన్సే అక్కర్లేదు. లైసెన్సే లేనప్పుడు దానికి ముందు అడగవలసిన అనుమతి అనే ప్రశ్న ఎక్కడ నుంచి వస్తుంది?

2023లో ఇంకా ముందుకు పోయారు. అంతకు ముందు గనుల చట్టంలో ‘రికనైజాన్స్’ అంటే ప్రాథమిక పరిశీలన. ఆకాశం నుంచి కొలవడం, యంత్రాలతో కొలవడం, పటం గీయడం వరకే. గుంటలు, కందకాలు తవ్వడం, భూగర్భంలో తవ్వకం అందులో కలవవని చట్టమే చెప్పేది. కేంద్రం చెప్పిన లెక్కలో వేసే బోర్లకే కొంత సడలింపు ఉండేది. 2023 సవరణ ఆ అడ్డు తీసేసింది. ఇప్పుడు గుంట తీసినా, బోరు వేసినా అది ‘ప్రాథమిక పరిశీలన’ కిందకే వస్తుంది. అదే ఏడాది, అదే ఆగస్టు నెలలో అటవీ సంరక్షణ చట్టాన్ని కూడా సవరించారు. రికనైజాన్స్, ప్రాస్పెక్టింగ్, సీస్మిక్ సర్వేతో సహా ఏ అన్వేషణనైనా ‘అటవీయేతర పని’గా లెక్కించనక్కర్లేదని కేంద్రం తగిన షరతులతో ఆదేశం ఇవ్వవచ్చని రాశారు. రెండు సవరణలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి సర్వే అనే మాటలోకి గునపాన్ని, డ్రిల్లునూ చేర్చింది. రెండోది, సర్వే అయితే అది అడవికి హాని చేసే పనే కాదనడానికి తలుపు తెరిచింది. మనం ఆదివాసీ దినోత్సవానికి థింసా బట్టలు సర్దుకుంటున్న రోజుల్లో ఢిల్లీలో జరిగిన పని ఇది. అందుకే అంటున్నాను, “సర్వే మాత్రమే” అనే మాటకు పాత అర్థం ఇప్పుడు లేదు.

సర్వే అంటే ఎంత పెద్దదో నల్లమలలో చెంచులకు తెలుసు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం సర్వేకు, అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అక్కడ కూడా మాట అదే, తవ్వకం కాదు, అన్వేషణే. ఆ అన్వేషణలో వేలకొద్దీ బోర్లు వేసే ప్రతిపాదన ఉంది. బోరు వేయాలంటే రిగ్గు పోవాలి, రిగ్గు పోవాలంటే దారి వేయాలి, దారి పడిందంటే చెంచు పెంటల మధ్యకు లారీ వచ్చినట్టే. చెంచులు, వాళ్లకు తోడుగా నిలిచిన జనం ఊరుకోలేదు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. గమనించండి, ఇక్కడ జనం లీజు దాకా ఆగలేదు. సర్వే దగ్గరే పట్టుకున్నారు. నేను చెప్పేది అదే.

మా ఊరి పైన కొండకు కూడా ఒక సర్వే బృందం వచ్చింది, నేను ఇంటరు చదివే రోజుల్లో. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. మాలో ఏడుగురు కుర్రాళ్లను కూలికి పెట్టుకున్నారు. తుప్పలు నరికి తిన్నగా లైను కొట్టడం, చువ్వలు పాతడం, వైరు చుట్టలు, బ్యాటరీ మోయడం మా పని. కూలి సరిగ్గానే ఇచ్చారు, అబద్ధం ఎందుకు. రాళ్ల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసుకుంటూ పోయారు. జాకర దేవత దగ్గరి రాయి మీదా ఒక అంకె వేశారు. మా పెద్దాయన ఒకరు అడిగాడు, బాబూ దీంతో ఏం తెలుస్తుంది అని. “నీకర్థం కాదులే తాతా” అన్నాడు మీటరు చూస్తున్న కుర్రాడు. ఆయనకు అర్థం కాని మాట నిజమే అయుండొచ్చు. కానీ వేసవిలో ఎండని ఊట ఎక్కడుందో, ఏ పక్క నేల కింద రాయి తగులుతుందో ఆ కుర్రాడికి చూపించింది ఆయనే. ఆ బృందం రాసుకుపోయిన పుస్తకంలో ఒక్క పేజీ కూడా మా ఊరికి తిరిగి రాలేదు. ఎర్ర అంకెలు మాత్రం మూడు వానాకాలాలు చెరిగిపోలేదు.

డబ్బు సంగతికి వస్తాను. జిఎస్ఐ నడిచేది కేంద్ర బడ్జెట్టుతో. హైదరాబాదులో 1961 నుంచి పనిచేస్తున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జిఆర్ఐ, సిఎస్ఐఆర్ కింద ప్రభుత్వ సొమ్ముతోనే నడుస్తుంది. బేగంపేటలోని అణు ఖనిజాల సంస్థదీ ప్రజల సొమ్మే. సంతలో కొనే వస్తువు మీద, ఫోను రీచార్జి మీద మనం కట్టే పన్ను అందులో ఉంది. ఇది కాక ఇంకో ఖజానా ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు రెండు నిధులు పెట్టారు. ఒకటి జిల్లా ఖనిజ నిధి, డిఎంఎఫ్. గని వల్ల నష్టపోయిన జనం కోసం, పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన కొత్తవైతే 10 శాతం. రెండోది జాతీయ ఖనిజాన్వేషణ ట్రస్టు. రాయల్టీలో 2 శాతం, 2025 సవరణతో అది 3 శాతం. మొదటి నిధి గురించి అందరూ మాట్లాడతారు, ఎందుకంటే దాంతో సిమెంటు రోడ్లు, కమ్యూనిటీ హాళ్లు కడతారు, శిలాఫలకం మీద పేర్లుంటాయి. రెండోదాని గురించి మన సభల్లో ఎవరూ నోరెత్తగా నేను వినలేదు. అది చేసే పని ఏమిటంటే, ఒక కొండను తవ్వగా వచ్చిన డబ్బుతో ఇంకో కొండను కొలవడం. ఆగకుండా తిరిగే గానుగ అది. దీనికి తోడు 2025 జనవరిలో కీలక ఖనిజాల మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 16,300 కోట్లు ఒప్పుకుంది. 2030-31 లోపు జిఎస్ఐ చేత 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేయించాలని అందులో లక్ష్యం. బ్యాటరీ కార్లకు, సోలారు పలకలకు కావలసిన ఖనిజాల కోసమట. మంచిదే, పొగ లేని కార్లు తిరగాలి. ఆ 1,200లో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఎన్ని, ఏ గ్రామసభను అడిగి మొదలుపెట్టారు అని పార్లమెంటులో మన ఎంపీలు ఎందుకు అడగరు?

ఇప్పుడు నీళ్లు. నాకు అసలు కోపం ఇక్కడ.

పైన చెప్పిన పరికరాల్లో నేను కావాలనే ఒకదాన్ని వదిలేశాను. అది రెసిస్టివిటీ మీటరు. నాలుగు ఇనుప చువ్వలు వరుసగా నేలలో పాతుతారు. బయటి రెండింటికి కరెంటు ఇస్తారు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. గట్టి రాయి కరెంటును ఆపుతుంది, నీళ్లు నిండిన పగులు పోనిస్తుంది. చువ్వల ఎడం పెంచుకుంటూ పోతే లోతు లోతుగా తెలుస్తుంది. మైదానంలో రైతు బోరు వేయబోయే ముందు ‘పాయింటు పెట్టించుకోవడం’ అంటాడు చూడండి, అందుకు వాడేది ఇదే. కొబ్బరికాయ పట్టుకుని నడిచేవాళ్లూ, వేపపుల్ల పట్టేవాళ్లూ ఉన్నారు గానీ, మీటరు ఉన్నవాడికే గిరాకీ ఎక్కువ. విమానంతో పోలిస్తే ఇది చవక పరికరం. మరి గూడెంలో చేతిపంపు వేసేటప్పుడు ఏం చేస్తారు? రిగ్గు లారీ ఎక్కడిదాకా ఎక్కగలిగితే అక్కడ బోరు. పాయింటును లారీ టైరు నిర్ణయిస్తుంది. వేసవికల్లా పంపు నుంచి గాలి వస్తుంది, ఆడవాళ్లు బిందెలతో మళ్లీ గెడ్డకే దిగుతారు.

దేశం మొత్తం భూగర్భ జలాల పటం తయారుచేసే కార్యక్రమం ఒకటి 2023 నాటికి పూర్తయిందని కేంద్ర భూగర్భ జల బోర్డు ప్రకటించింది. దేశ విస్తీర్ణం సుమారు 33 లక్షల చదరపు కిలోమీటర్లు, పటం గీసింది సుమారు 25 లక్షలకు. మిగతాది ‘పటం గీయదగినది కాదు’ అన్నారు. భూగర్భ జలాల లెక్క కట్టే పద్ధతిలో ఇంకో నియమం ఉంది. 20 శాతం కంటే ఎక్కువ వాలున్న కొండ ప్రాంతాన్ని లెక్కలోంచి తీసేయాలి. కొండమీద పడ్డ వాన జారిపోతుంది, ఇంకదు అని వాళ్ల తర్కం. కొండలో పుట్టి పెరిగిన ఏ పిల్లవాడైనా దీనికి నవ్వుతాడు. ఇంకకపోతే ఏప్రిల్‌లో ఊట ఎక్కడి నుంచి వస్తోంది? మన కొండల నెత్తిన ఉన్న ఆ ఎర్ర పొరే, బాక్సైటు పొరే, వాన నీటిని స్పంజిలా పీల్చుకుని అంచుల్లోంచి ఊటలుగా వదులుతుంది. ఆ ఊటలే గెడ్డలవుతాయి, గెడ్డలు కలిసి గోస్తని అవుతాయి, శారద అవుతాయి, విశాఖ జిల్లా మైదానం పొలాలకు చేరతాయి. ఒకే పొర. అల్యూమినియం కోసమైతే ప్రతి మీటరూ కొలవదగింది. నీళ్ల కోసమైతే కొలవదగింది కాదు! పరికరాలు లేక కాదు, డబ్బు లేక కాదు. ఆ సంస్థల దగ్గర వేసే ప్రశ్నల్లో మన ప్రశ్న లేక.

చేతకాదు అంటే ఒప్పుకోను. హైదరాబాదు దగ్గర మహేశ్వరం పరీవాహక ప్రాంతం ఉంది, యాభై చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ఎన్‌జిఆర్ఐ శాస్త్రవేత్తలు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఏళ్ల తరబడి గ్రానైటు పగుళ్లలో నీరు ఎలా చేరుతుంది, ఎలా కదులుతుంది అని కొలిచారు. రాజస్థాన్ ఎడారుల మీద హెలికాప్టరుకు పెద్ద వైరు చట్రం వేలాడదీసి భూగర్భ జలాలను వెదికారు. మంచి పని, ఎడారి వాళ్లకు నీళ్లు దొరకాలి. అదే పద్ధతిలో అనంతగిరి కొండల్లోనో, మారేడుమిల్లి అడవుల్లోనో ఒక్క గెడ్డ పరీవాహకాన్ని పదేళ్లు కొలవండి అని మనం అడగాలి.

ఇక్కడ మన వాళ్లతో కూడా కొంచెం తగవు పడాలి. కొందరు మిత్రులు అంటారు, ఆ యంత్రాలను కొండెక్కనివ్వకూడదు, ఆ చదువే దొంగ చదువు అని. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ మాట తప్పు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మేడారం చుట్టుపక్కల గూడేల్లో జనం ఇళ్లలోంచి బయటకు పరుగెత్తారు. 1969లో భద్రాచలం దగ్గర ఇంతకంటే కాస్త పెద్దదే వచ్చింది. గోదావరి లోయ అడుగున పాత పగుళ్లున్నాయని మనకు చెప్పింది ఈ చదువే, ఈ యంత్రాలే. ఆశ్రమ పాఠశాల భవనం ఎలా కట్టాలో నిర్ణయించవలసిందీ ఆ అంకెలతోనే. కత్తి ఎవరి చేతిలో ఉందన్నది ప్రశ్న. కత్తే వద్దంటే పోడు ఎవరు కొడతారు?

ఇంకో వైపు చదువుకున్న పెద్దమనుషులు అంటారు, దేశానికి ఖనిజాలు కావాలి, సర్వే సమాచారం దేశ సంపద అని. అవును, సంపదే. మరి ఆ సంపద ఎవరి భాషలో ఉంది? 2023 డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం అని ఒక పోర్టల్ తెరిచారు. జిఎస్ఐ పటాలు అందులో పెట్టారు, రహస్యమేమీ కాదు. బొంబాయిలో కూర్చున్న కంపెనీ ఇంజనీరు అరగంటలో ఏ కొండ కింద ఏముందో చూసుకుంటాడు. కొండ మీద ఉన్న గ్రామసభకు మాత్రం తెలుగులో గానీ, కువిలో గానీ, గోండీలో గానీ, కోయలో గానీ ఒక్క కాగితం రాదు. అందరికీ తెరిచిన తలుపే, గడప మాత్రం మన మోకాలికి అందనంత ఎత్తు.

నియమగిరి మన పొరుగే, అదే ఖోండలైట్ కొండ. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడి గ్రామసభలే తేల్చాలని. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియాలు ఆ రోజు గెలిచింది అటవీ హక్కుల చట్టంతో, నోటితో. ఆ ప్రశ్న తవ్వకం ముందు కాకుండా కొలత ముందే అడిగించాలి. దానికి రాజ్యాంగంలోనే దారి ఉంది. ఐదో షెడ్యూల్ ఐదో పేరా ప్రకారం, ఏ కేంద్ర చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతోనే వర్తిస్తుందనో గవర్నరు ఒక నోటిఫికేషన్‌తో చెప్పవచ్చు. ‘గ్రామసభ ఒప్పుకోనిదే ఏ ఖనిజ సర్వే చేయరాదు, సర్వే ఫలితాన్ని ఆ ఊరి భాషలో ఆరు నెలల్లో సభ ముందు చదవాలి’ అనే ఒక్క మార్పు కోరుతూ ప్రతి గ్రామసభా తీర్మానం పంపాలి. అన్వేషణ ట్రస్టు సొమ్ములో ఒక వాటాను కొండ ఊటల కొలతకు కేటాయించాలన్నది దాని పక్కనే రాయాలి. ఊరికే వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగడం కాదు. తీర్మానం నంబరు, తేదీ, సంతకాలు, వేలిముద్రలు, రసీదు ఉండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో సైన్సు చదివేవాళ్లకు ఒక మాట. వైరు చుట్ట మోసే కూలీగా మన కుర్రాడు ఎన్నాళ్లు వెళ్తాడు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఉస్మానియాలో భూభౌతిక శాస్త్రం చెబుతారు. జిఎస్ఐలో జియోఫిజిసిస్టు పోస్టులకు, భూగర్భ జల బోర్డులో సైంటిస్టు పోస్టులకు యుపిఎస్సీ పరీక్ష పెడుతుంది, పేరు కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. ఎస్టీ రిజర్వేషన్ ఉంది. గ్రూప్స్‌కు కోచింగు అంటే వందమంది పోతారు, ఇదొకటుందని తెలిసినవాళ్లు పదిమంది ఉండరు. విజయనగరం, ములుగు గిరిజన విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం బలంగా ఉండాలని కూడా మనమే పట్టుబట్టాలి. ఉద్యోగం వచ్చాక మన కొండను అమ్మేస్తారేమో అని భయపడేవాళ్లకు ఒకటే జవాబు. ఆ కుర్సీలో మనవాడు లేకపోయినా పని ఆగడం లేదు కదా.

మాస్టార్లకు ఇంకా చిన్న పని. పన్నెండు వోల్టుల బ్యాటరీ, రెండు మల్టీమీటర్లు, నాలుగు ఇనుప చువ్వలు, కొంత వైరు ఉంటే బడి వెనక రెసిస్టివిటీ కొలవవచ్చు. చువ్వలను రెండేసి మీటర్ల ఎడంతో వరసలో పాతండి. బయటి చువ్వల్లో పది మిల్లీయాంపులు పోయి, లోపలి వాటి మధ్య 240 మిల్లీవోల్టులు వస్తే, వోల్టేజిని కరెంటుతో భాగిస్తే 24. దాన్ని రెండుతో, 3.14తో, మళ్లీ చువ్వల ఎడం రెండుతో గుణిస్తే సుమారు 301 ఓమ్ మీటర్లు. బ్యాటరీ తీగలు అటుదిటు మార్చి ఇంకోసారి చూసి సగటు తీసుకోవాలి, లేకపోతే చువ్వల దగ్గరి రసాయన చర్య లెక్క తప్పిస్తుంది. ఇంట్లో కరెంటు లైను మాత్రం పొరపాటున కూడా కలపకండి. అంకె తక్కువ వచ్చిందని నీళ్లేనని గంతులేయవద్దు, మన కొండల్లో బంకమట్టి కూడా తక్కువే చూపిస్తుంది. అందుకే ఊట దగ్గర ఒకసారి, మెట్ట మీద ఒకసారి కొలిచి పోల్చాలి.

దీంతోపాటు ఊట కొలత. పదిహేను లీటర్ల బకెట్టు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచి చాలు. బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ప్రతి నెలా ఒకే తారీఖున ఎనిమిదో తరగతి పిల్లలు రాయాలి. ఊట పేరు, అది ఏ కొండదో, తాగే ఇళ్లు ఎన్నో పక్కన రాయాలి. రిజిస్టరు బడిలోనే ఉండాలి, ఒక నకలు గ్రామసభ దగ్గర ఉండాలి. రేపు ఎవరైనా జీపు దిగి ఇది సర్వే మాత్రమే అంటే, మా సర్వే కూడా ఒకటుంది కూర్చోండి చూపిస్తాం అనడానికి మన చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. ఈ జూన్‌లో మొదలుపెడితే వచ్చే మే నాటికి అందులో పన్నెండు అంకెలుంటాయి.